కోటు లోపలి కుట్టు

కిందటి వారం టైలర్‌ని అతని దుకాణం గుమ్మంలోనే, పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని నిలబడినవాణ్ణి నిలబడినట్టే వదిలేశాం. ఎదురుగా చేతి మీద పాత కోటు వేసుకుని లెక్చరర్ మెట్లెక్కుతున్నాడు.

ఈ లెక్చరర్ సంగతి కొత్తగా చదివేవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పాలి. వీధి చివర లైబ్రరీ హాల్లో ఆదివారం సాయంత్రాలు పాత ఇంగ్లీషు నవలలు విప్పి, అందరికీ అర్థమయ్యే మాటల్లో చెప్పే మనిషి. పెళ్ళాం లేదు, ఇల్లు లేదు, అద్దె గది. వినడానికి వీధిలో సగం మంది ఆడవాళ్ళు పోతున్నారు. వాళ్ళలో టైలర్ భార్యా ఉంది, తోడుగా టైలర్ చెల్లెలూ ఉంది. మొదట్లో "పోనీలే, కాలక్షేపం" అనుకున్నాడు టైలర్. కానీ భార్య ఇంటికొచ్చి ఆ కథలు చెప్పేటప్పుడు ఒక నవ్వు నవ్వుతుంది. ఆ నవ్వు అతనికి కొత్త. ఇన్నేళ్ళ కాపురంలో తన మాటకి ఆ నవ్వు ఒక్కసారీ రాలేదు. ఎక్కడో దాచుకున్న నవ్వుని ఎవడో పరాయివాడు తాళం తీసి బయటికి తెచ్చినట్టయింది. అప్పట్నుంచీ అతని గుండెల్లో కుంపటి రాజుకుంటూనే ఉంది. ఇప్పుడా తాళం తీసినవాడే తనంతట తాను వచ్చి కత్తెర కింద నిలబడ్డాడు.

"కొత్త కోటు కావాలి మాస్టారూ," అన్నాడు లెక్చరర్. "కొలతకి ఇది తెచ్చాను. వీలైతే కాస్త తొందరగా."

టైలర్ సూదులు ఒక్కొక్కటే తీసి గుడ్డ ఉండకి గుచ్చాడు. "ఏం, ఏమంత తొందర?"

"ఒక పెద్ద పని మీద ఒకరింటికి వెళ్ళాలి. ఈ కోటుతో వెళ్తే గుమ్మంలోనే ఆపేస్తారేమోనని భయం."

మూల స్టూలు మీద కూర్చున్న కాజాల తాత తలెత్తాడు. తాత ఈ దుకాణంలో బొత్తాల కాజాలు తప్ప ఇంకేం కుట్టడు. నోరు మాత్రం అన్నిటికీ కుట్టు వేస్తుంది.

"కోటు చూసి గుమ్మంలో ఆపేవాళ్ళు, లోపలికి రానిచ్చినా కుర్చీ వెయ్యరు బాబూ. నా మాట విని ఆ డబ్బులు పెట్టి మంచి చెప్పులు కొనుక్కో. తరిమితే పరిగెత్తడానికైనా పనికొస్తాయి."

లెక్చరర్ పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు కూడా టైలర్‌కి నచ్చలేదు. నోరారా నవ్వే మగవాణ్ణి ఆడవాళ్ళు నమ్ముతారని అతనికో నమ్మకం. తనకా అలవాటు లేదు. ఎనిమిదో క్లాసు మధ్యలో మానిపించి నాన్న మిషను ముందు కూర్చోబెట్టిన రోజునే ఆ నవ్వూ బడిలో ఉండిపోయింది.

టేపు తీసి కొలతలు మొదలుపెట్టాడు. భుజం, ఛాతీ, నడుము, చెయ్యి. కోటుకి మెడ కొలత అక్కర్లేదు. అయినా తీశాడు. మెడ చుట్టూ టేపు తిప్పి, రెండు కొసలూ ఒక చోట పట్టుకున్నప్పుడు, ఇంకో వేలెడు బిగిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చి, దాని వెనకే తన మీద తనకే అసహ్యం వచ్చి, వదిలేశాడు.

లెక్చరర్‌కి ఇవేమీ తెలియవు. చేతులు చాచి నిలబడి చెప్పుకుపోతున్నాడు.

"మొన్న ఆదివారం మీ పని గురించే మాట్లాడాం మాస్టారూ. ఆ పెద్ద బంగళాల ఇంగ్లీషు నవలల్లో ఒక విచిత్రం ఉంది. పుటల నిండా విందులు, నాట్యాలు. ఎవరు ఏ రంగు గౌను వేసుకున్నారో, అంచుకి ఎంత లేసు ఉందో, అన్నీ ఉంటాయి. కుట్టిన మనిషి మాత్రం ఉండదు. గౌన్లు చెట్లకి కాసినట్టు ఉంటుంది."

"మరి కుట్టిందెవరు, దెయ్యాలా?" అన్నాడు తాత.

"ఆడపిల్లలు తాతా. గాలాడని గదుల్లో వరసగా కూర్చోబెట్టి, కొవ్వొత్తి వెలుగులో కుట్టించేవాళ్ళు. విందుల కాలం వచ్చిందంటే వాళ్ళకి నిద్ర లేదు. కళ్ళు పోయేవి, ఊపిరితిత్తులు పోయేవి. వాళ్ళ గురించి రాసినవాళ్ళు తర్వాత తర్వాత వచ్చారు. అంతకు ముందు నవలల్లో మాత్రం వాళ్ళు గోడ వెనకే ఉండిపోయారు."

టైలర్ చేతిలో టేపు ఒక్క క్షణం ఆగింది. తన బతుకంతా కుట్టింది ఎవరో వేసుకుని ఎక్కడో నవ్వారు. ఆ మాట ఇంతకాలం ఎవరూ అనలేదు. అన్నవాడు వీడు కావడమే గుచ్చుకుంది. మంచి మాట శత్రువు నోట వింటే అది మాట కాదు, ముల్లు.

"ఆ బంగళాలవాళ్ళకి అంత సొమ్ము ఎక్కణ్ణుంచి వచ్చేదంటావ్?" తాత వదల్లేదు.

"కొంత కౌలు మీద. కొంత సముద్రం అవతల చెరుకు తోటల మీద. అక్కడ బానిసల్ని కొట్టి పండించిన పంచదార ఇవతల వీళ్ళ టీలో కరిగేది. నవలలో దాని గురించి ఉంటే ఒక్క ముక్క ఉంటుంది, పెద్దాయన తోటల పని మీద ఓడెక్కాడని. చదివేవాళ్ళు ఆ ముక్క దాటి పోతారు." లెక్చరర్ టైలర్ వైపు తిరిగాడు. "మా హాల్లో ఆ ముక్క దగ్గర నన్ను ఆపింది ఒక్కరే. మీ ఆవిడ. ఆ తోటల్లో పనిచేసినవాళ్ళ పిల్లలు ఏమయ్యారండీ అని అడిగారు. చాలా తెలివైన మనిషి. మీరు అదృష్టవంతులు."

అదృష్టవంతుడు పెన్సిల్ ములుకు విరిగేంత గట్టిగా కాగితం మీద అంకెలు వేశాడు. ఇంట్లో ఆవిడ అతన్ని అడిగే ప్రశ్నలు రెండే రెండు. తిన్నారా, తలుపు వేశారా. తోటలూ, పిల్లలూ, ఓడలూ అన్నీ వీడి కోసం దాచిపెట్టిందన్నమాట.

"కోటు ఇక్కడ ఉంచి వెళ్ళండి," అన్నాడు. "చంక కోత చూసుకోవాలి."

"సాయంత్రం వచ్చి తీసుకెళ్తాను. నాకున్నది ఇదొక్కటే," అని లెక్చరర్ మెట్లు దిగాడు.

అతను వీధి మలుపు తిరిగేదాకా తాత చూసి, దారం పళ్ళతో తెంపాడు. "మంచివాడిలాగే ఉన్నాడు అబ్బాయ్."

"నీకందరూ మంచివాళ్ళే. నీ కళ్ళకి కాజా తప్ప ఏం కనపడుతుంది."

"కాజాలోంచి చూస్తే చాలా కనపడతాయిరా," అన్నాడు తాత. మరీ ఎక్కువ మాట్లాడితే మధ్యాహ్నం టీ రాదని తెలిసినవాడు కాబట్టి అక్కడితో ఆపేశాడు.

టైలర్ కోటుని బల్ల మీద పరిచి లోపలి వైపు తిప్పాడు. పాత గుడ్డ, కానీ మొదట కుట్టినవాడు పనిమంతుడే. కుడి చంక కింద లైనింగ్ బెత్తెడు మేర చిరిగి, మళ్ళీ కుట్టి ఉంది. ఎంత సన్నగా కుట్టారంటే వేలితో రాస్తే తప్ప అతుకు తెలియదు. ఎవరో చెయ్యి తిరిగిన మనిషి అనుకుంటూ వేలు అలా పోనిచ్చాడు. నాలుగు కుట్లు పోయాక వేలికి ఒక చిన్న ముడి తగిలింది. ఇంకో నాలుగు పోయాక ఇంకో ముడి.

వేలు అక్కడే ఆగిపోయింది.

ఆ ముడి లోకంలో టైలర్లు ఎవరూ వెయ్యరు. దారం తెగినా అతుకు మొత్తం ఊడిపోకుండా మధ్యమధ్య వెనక్కి తిప్పి వేసే ముడి. అది వాళ్ళమ్మ కనిపెట్టింది. బళ్ళో నేర్పే పని కాదది, వంటింటి గట్టు మీద కూర్చుని చిరుగులు కుట్టీ కుట్టీ అమ్మ చేతికి వచ్చిన పని. అమ్మ దగ్గర అతను నేర్చుకున్నాడు. పెళ్ళైన కొత్తలో భార్యని పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె వేళ్ళు తన వేళ్ళతో పట్టుకుని నేర్పాడు. అతని కాపురంలో ముద్దూ మురిపెం అనదగ్గవి ఏవైనా ఉంటే ఆ నాలుగు మధ్యాహ్నాలే. ఆ ముడి ఇప్పుడు వీడి చంక కింద ఉంది. వీడి ఒంటి వేడి తగిలే చోట.

తాత ఏదో అడిగాడు. అతనికి వినపడలేదు. మేడ మీద మిషను చప్పుడు మాత్రం వినపడుతోంది, చెల్లెలు ప్యాంట్ల అంచులు మడుస్తోంది. రోజూ వినే చప్పుడే అది, వాన చూరు మీద పడ్డట్టు.

ఆలోచన అనేది ఒకసారి చిల్లు పడ్డ జేబు లాంటిది. ఎన్ని వేసినా నిలవవు, ఒకటి వెనక ఒకటి జారతాయి. భార్య ఆదివారం పూట సంచిలో సూదీ దారం ఎందుకు పట్టుకెళ్తుంది? ఆ మధ్య వాన రోజున ఎందుకంత ఆలస్యమైంది? హాల్లో ఇప్పుడు చెప్తున్న నవల గురించి ఎందుకంత సంబరం? అందులో ఒక చర్చి పాదిరీ ఉన్నాడట, అతనికి ఇల్లు చూసే చెల్లెలు ఉందట, పక్కింట్లో ఒక బట్టల వ్యాపారి భార్య ఉందట. భోజనాల దగ్గర చెప్తుంటే అతను చెవి ఒగ్గింది పక్కింటావిడ సంగతికే. ఆవిడ ఎవరితోనైనా పోతుందా అని అడిగాడు కూడా. "పోతే ఆ రోజుల్లో బిడ్డల్ని చూడనివ్వరు, విడాకులు డబ్బున్నవాళ్ళకి తప్ప దొరకవు. పెళ్ళైన ఆడది సంపాదించిన కాసు కూడా మొగుడిదేనట, చట్టమే అంత," అంది భార్య. చట్టం మంచిదే అనుకున్నాడు మనసులో. పైకి అనకపోయినా ఆవిడకి వినపడ్డట్టే చూసింది.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అంటారు. అది తప్పు. వాడికి మిగతా లోకం మామూలుగానే కనపడుతుంది. ఒక్క మనిషే పచ్చగా కనపడుతుంది, అదే బాధ.

తాత కళ్ళకి వెలుతురు చాలక ఇంటికి పోయాక, ఎండ బల్ల మీంచి గోడ మీదికి ఎక్కాక, భార్య వచ్చింది. బజారు పని చూసుకుని వచ్చిన మనిషి సంచి లోపల పెట్టి, ఏమీ అడక్కుండా ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళి పొద్దుట మిగిలిన పని అందుకుంది.

"ఈ కోటు ఎవరిదో తెలుసా?" అన్నాడు టైలర్.

ఆవిడ చూసింది. "లెక్చరర్ గారిది."

"చూడగానే చెప్పేశావే. నేను కుట్టిన కోట్లు వందల్లో పోయాయి ఈ గుమ్మంలోంచి. ఒక్కటైనా ఎవరిదో చెప్పగలవా?"

"ఊళ్ళో మోచేతుల దగ్గర తోలు అతికించుకున్న కోటు ఇదొక్కటే. వీధిలో కుక్కని అడిగినా చెప్తుంది."

"కుక్కకి లోపలి సంగతి తెలియదుగా. ఇలా రా. ఇది చూడు."

"ఇస్త్రీ పెట్టె కాలుతోంది."

"కాలనీ. రా."

వచ్చింది. లైనింగ్ తిప్పి, ఆమె వేలు పట్టుకుని అతుకు మీద పెట్టి, నేర్పినప్పుడు పట్టుకున్నట్టే పట్టుకుని, ముడి దాకా లాక్కెళ్ళాడు. ఆమె వేలు అక్కడ ఆగింది. ముఖంలో ఏదో కదిలి మళ్ళీ సర్దుకుంది. కదిలింది అతనికి కనపడింది, సర్దుకున్నది కనపడలేదు.

"చెప్పు," అన్నాడు.

"ఏం చెప్పను?"

"ఎప్పుడు కుట్టావు? అతని గదిలోనా? కోటు ఒంటి మీద ఉండగా కుట్టావా, విప్పితే కుట్టావా?"

ఆవిడ మేడ మెట్ల వైపు చూసింది. పైన మిషను ఆగింది. ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత అదీ లేదు.

"మెల్లిగా మాట్లాడండి," అంది.

"ఎందుకు? పైనున్నది నా చెల్లెలేగా. వినాల్సిందే. వదిన ఆదివారం పూట ఏ పాఠాలు నేర్చుకుంటోందో దానికీ తెలియాలి. పక్కన కూర్చుని చూస్తూ కూడా నాకు ఒక్క మాట చెప్పలేదు చూడు, తోడుదొంగ. ఇంకాసేపట్లో ఆయన వస్తాడు. వచ్చాక ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి అడుగుతాను. ఈ గడప దాటి ఆ హాలుకి వెళ్ళావంటే మళ్ళీ ఈ గడప తొక్కక్కర్లేదు. నీకు ఈ ఇల్లు కావాలో, ఆ కథలు కావాలో ఇప్పుడే తేల్చుకో."

"అయిపోయిందా?"

"అయిపోలేదు."

"నాకు అయిపోయింది." ఆవిడ ఎడమచేతిని అతని ముఖం ముందుకి ఎత్తింది. "ఇదేమిటి?"

"చెయ్యి."

"ఏ చెయ్యి? అన్నం తినడం తప్ప అన్నీ దీంతోనే చేస్తానని మీ అమ్మగారు ఎన్నిసార్లు ఎగతాళి చేశారు? నా కుట్టు ఎటు నుంచి ఎటు పోతుంది? నా ముడి ఎటు వాలుతుంది? పరాయివాళ్ళు ఎవరైనా తెచ్చి చూపిస్తే మీరు చీకట్లో కళ్ళు మూసుకుని చెప్తారే. చెప్పండి ఇప్పుడు."

టైలర్ కోటు మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. ముడి మీద వేలు పెట్టాడు. తర్వాత వంగి చూశాడు.

ముడి కుడికి వాలి ఉంది. కుడిచేతి ముడి.

ముప్ఫై ఏళ్ళు బొత్తాం చూసి కుట్టినవాడి పేరు చెప్పిన మనిషి. పొద్దుట్నుంచి ఆ ముడి మీద వేలు పెడుతూనే ఉన్నాడు, తీస్తూనే ఉన్నాడు. ఏమీ తెలియని పనివాడైతే అనుమానమే పడేవాడు కాదు. అన్నీ తెలిసినవాడు సగమే చూశాడు.

"అమ్మ లేదు," అన్నాడు నెమ్మదిగా. "నేను కాదు. నువ్వు కాదు. మరి..."

"ఇంట్లో ఇంకో మనిషి ఉంది," అంది భార్య. "మీకు గుర్తు రాదు. పైన మిషను మోగుతున్నంతసేపూ అది మిషనే అనుకుంటారు."

నిజమే. చెల్లెలు అన్న మాట అతని బుర్రకి తట్టనే లేదు. ఇంట్లో కుట్టుమిషను మీద ఎవరైనా అనుమానపడతారా? అమ్మ ఒళ్ళో కూర్చుని ఆ ముడి తనకన్నా ముందే నేర్చుకుంది చెల్లెలు. పెళ్ళీడు వచ్చింది, నిండింది, దాటింది. సంబంధాలు రాకపోలేదు. ఒకడి ఊరు దూరమన్నాడు, ఇంకొకడి నోరు మంచిది కాదన్నాడు. అసలు కారణం అతనికీ తెలుసు. అది వెళ్ళిపోతే అంచులు ఎవరు మడుస్తారు?

అప్పుడు టైలర్ నవ్వాడు. అదే అతను చేసిన పెద్ద తప్పు. పొద్దుట్నుంచి గుండె మీద కూర్చున్న బండ దిగిపోయేసరికి నవ్వు దానంతటదే వచ్చేసింది.

"ఓస్, దాని పనా," అన్నాడు. "పిచ్చిది. నేనింకా ఏమో అనుకుని... సరే పోనీ. ఆదివారం నుంచి దాన్ని పంపొద్దు. నువ్వు కావాలంటే వెళ్ళు, నేనేం అనను. దానికి నేను చెప్తానులే."

"నవ్వకండి," అంది భార్య.

"కోపం వచ్చిందా? తప్పు నాదే. అన్నానుగా, నువ్వు వెళ్ళు."

"నవ్వకండన్నాను." ఆవిడ గొంతు పెరగలేదు, తగ్గింది. "ఆ నవలలో పాదిరీ చెల్లెలు ఉందని చెప్పాను గుర్తుందా? మీరు వినలేదు, పక్కింటావిడ గురించే అడిగారు. ఆ చెల్లెలికి పేరు మీద ఏమీ ఉండదు. ఇల్లు అన్నది, అన్న పెళ్ళాడితే వదినది. చలికి నిప్పు కూడా వెయ్యని పై గదిలో ఉంటుంది. ఆ రోజుల్లో అలాంటివాళ్ళకి మూడే దార్లు. పెళ్ళి, లేకపోతే ఎవరింట్లోనో పిల్లలకి పాఠాలు చెప్పడం, లేకపోతే అన్న ఇల్లు. ఆ భాగం చెప్పిన రోజు మీ చెల్లెలు హాల్లోంచి లేచి బయటికి పోయింది. లెక్చరర్ గారు వెనకాలే వెళ్ళారు. తొందర్లో తలుపు గడియకి కోటు పట్టి, లాగితే చంక కింద లైనింగ్ చిరిగింది."

"అయితే అప్పుడే..."

"వినండి. లోపలికొచ్చి కోటు విప్పారు. సూది ఎవరి దగ్గరైనా ఉందా అన్నారు. సూది నా సంచిలో ఉంది. నేను చెయ్యి చాచాను."

టైలర్ ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. సగంలో ఎటు పోవాలో తెలియక ఉంది.

"చాచిన చెయ్యి ఆయన చూశారు. చూసి, సూది మాత్రం తీసుకున్నారు. కోటు దానికిచ్చారు."

"అయితే ఏమైంది?"

"ఏమైందంటారా? వారం వారం చదివి వెళ్ళింది నేను. ప్రశ్నలు అడిగింది నేను. ఆయన చెప్పింది అర్థమై నవ్వింది నేను. అది ఒక మూల కూర్చుని తలెత్తేది కాదు. అయినా కోటు దానికిచ్చారు. ఆ రోజు ఇంటికొచ్చాక మీ చెల్లెలితో నేను సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడటం లేదు. ఒక్క ఇంట్లో ఉండి మీరు అదీ చూడలేదు." ఆవిడ కోటు మీద అతుకుని వేలితో తాకి చెయ్యి తీసేసింది. "ఈ కుట్టు నాది కాదండీ. అడిగారు కాబట్టి చెప్తున్నాను. ఇచ్చి ఉంటే కుట్టేదాన్నే."

ఎవడో రెండు చెంపలూ వాయించినా టైలర్‌కి అంత బాధ ఉండేది కాదు. అబద్ధం మీద పెట్టిన నింద నిజమై కూర్చుంది. పట్టుకున్న ఆనవాలు తప్పు. పడ్డ అనుమానం తప్పు కాదు. ఇప్పుడు ఎవరి మీద కోప్పడాలి? ఆవిడ ఏ పాపమూ చేయలేదు, చేయనందుకే కుములుతోంది. అలాంటి దొంగతనానికి ఏ కాలంలో ఏ చట్టం ఉంది?

"ఆయన మీద నీకు ఇష్టం..." అని సగం అడిగి, కోటు లైనింగ్ మళ్ళీ లోపలికి తిప్పాడు.

"నాకూ తెలియదు," అంది ఆవిడ. "ఆయన మీదో, ఆ హాలు మీదో, అక్కడ నన్ను నేను ఎలా చూసుకున్నానో దాని మీదో. విడదీసి చూడలేదు. భయమేసి చూడలేదు."

గుమ్మం దగ్గర నీడ పడింది.

"మాస్టారూ," అన్నాడు లెక్చరర్. జుట్టు తడిపి దువ్వుకున్నాడు, చొక్కా మార్చాడు. కోటు కోసం వచ్చినవాడు కోటు వైపు చూడలేదు. "మీతో ఒక మాట. అమ్మా, మీరూ ఉన్నారు, మంచిదైంది. కొత్త కోటు తయారయ్యాక అది వేసుకునే వచ్చి అడుగుదామనుకున్నాను. పొద్దున్న వెళ్ళినప్పట్నుంచీ కాళ్ళు నిలవడం లేదు. మీ చెల్లెల్ని నేను పెళ్ళి చేసుకుంటాను. తనకి ఇష్టమే. పెద్దవారు, మీరు ఒప్పుకోవాలి."

ఇస్త్రీ బల్ల మీంచి సన్నగా కమురు వాసన వస్తోంది. ఎవరి ప్యాంటో కాలుతోంది.

టైలర్ లెక్కలు మొదలుపెట్టాడు, మానలేకపోయాడు. కాదంటే చెల్లెలు ఆ పై గదిలోనే ముసలిదవుతుంది, అది తన చేతి పని అవుతుంది. ఔనంటే ఈ మనిషి రేపట్నుంచి చుట్టం. వస్తాడు, పోతాడు, తన ఇంట్లో భోజనానికి కూర్చుంటాడు, నోరారా నవ్వుతాడు. తన భార్య వడ్డిస్తుంది. వాళ్ళిద్దరి మధ్యా ఏమీ ఉండదు. ఉండదని తెలిసీ తను ప్రతి పూటా ఆవిడ ముఖమే చూస్తూ కూర్చోవాలి, చచ్చేదాకా.

అడిగినవాడి ముఖం కాదు, భార్య ముఖం చూశాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తెర తొలగింది. చెల్లెలు మడిచిన ప్యాంట్ల దొంతర గుండెలకి హత్తుకుని ఆఖరి మెట్టు మీద నిలబడింది. కళ్ళు చూస్తేనే తెలుస్తోంది, మిషను ఆపినప్పట్నుంచీ అక్కడే ఉందని. మొదటి మాట నుంచీ ఆఖరి మాట దాకా.

"అమ్మడూ, నువ్వు పైకి పో," అన్నాడు టైలర్.

"పోను అన్నయ్యా." దొంతర బల్ల మీద పెట్టింది. లెక్చరర్‌తో అంది, "అన్నయ్యని అడక్కండి. ఆయన ఔనన్నా కాదన్నా నేను ఆగను. వదినని అడగండి." తర్వాత వదిన వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. అదే అందరికన్నా ఎక్కువ భయపెట్టింది. "వదినా, నువ్వు చెప్పు. నీ మనసులో ఏదీ పెట్టుకోకుండా వెళ్ళమంటే వెళ్తాను. లేదంటే ఈయన్ని ఇప్పుడే పంపించేస్తాను. కారణం అడగను. ఎవరికీ చెప్పను."

లెక్చరర్ చిన్నగా నవ్వాడు. వదినంటే ఎంత గౌరవమో అనుకున్నాడు పాపం. అంత చదువుకున్నవాడు, అన్ని నవలలు తిరగేసినవాడు, తను నిలబడ్డ గదిలో ఏం జరుగుతోందో ఒక్క ముక్క తెలియక, చేతులు కట్టుకుని మర్యాదగా ఎదురు చూస్తున్నాడు.

భార్య తల ఎత్తింది. చెల్లెలి వైపు చూడలేదు. లెక్చరర్ వైపూ చూడలేదు. నేరుగా భర్త కళ్ళలోకి చూసింది.

"నన్నడిగితే నేను నిజమే చెప్తాను," అంది. "ఈయన ముందే చెప్తాను. చెప్పమంటారా?"